లింక్ అయింది, లెక్క తప్పింది: ఒక ఫోర్ట్రాన్ ప్రోగ్రామ్ కేసు

నేపథ్యం

ఈ ప్రోగ్రామ్ ఒక చిన్న పరిశోధన బృందానిది. ఎవరిదో తెలియకుండా ఫైళ్ల పేర్లు, కొన్ని వివరాలు మార్చాను. సాంకేతికంగా జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

ఒక నిర్మాణం కంపనాలకు ఎలా స్పందిస్తుందో లెక్కకట్టడం దాని పని. అందులో రెండు భాగాలున్నాయి. ఫలానా ఫ్రీక్వెన్సీలో బలం వేస్తే ఏ బిందువు ఎంత కదులుతుందో చెప్పేది మొదటిది. సహజ ఫ్రీక్వెన్సీలు వెతికేది రెండోది. వెతకడానికి వాళ్లు పాత పద్ధతినే నమ్ముకున్నారు: ఫ్రీక్వెన్సీని కొద్దికొద్దిగా పెంచుతూ పోవడం, మ్యాట్రిక్స్ డిటర్మినెంట్ గుర్తు ప్లస్ నుంచి మైనస్‌కో, మైనస్ నుంచి ప్లస్‌కో మారిన చోట ఆగి, ఆ మధ్యను సగాలు చేసుకుంటూ వేరును, అంటే డిటర్మినెంట్ సున్నా అయ్యే చోటును పట్టుకోవడం. మొరటు పద్ధతే, కానీ గుర్తు సరిగ్గా ఉన్నంతకాలం పనిచేస్తుంది.

కోడ్ రెండు తరాలది. పాత ఫైళ్లు ఫోర్ట్రాన్ 77 శైలిలో, కామన్ బ్లాకులతో (వేర్వేరు ఫైళ్లు ఒకే పేరుతో పంచుకునే మెమరీ) ఉన్నాయి. తర్వాత చేరినవి ఫోర్ట్రాన్ 90 మాడ్యూళ్లు. బయటి లైబ్రరీల్లో మ్యాట్రిక్స్ పనికి ల్యాపాక్, దాని కింద బ్లాస్, ఫలితాలు రాయడానికి నెట్‌సీడీఎఫ్ వాడుతున్నారు. వీటన్నిటినీ ఒక షెల్ స్క్రిప్ట్ జీఫోర్ట్రాన్‌తో కంపైల్ చేసి లింక్ చేసేది, అంటే కంపైలైన ముక్కలనూ లైబ్రరీలనూ కలిపి ఒక్క ప్రోగ్రామ్ చేసేది. కొత్త మెషీన్‌కు మారేటప్పుడు గొడవ మొదలైంది. నా దగ్గరికి వచ్చేసరికి ప్రోగ్రామ్ లింక్ అవుతోంది, నడుస్తోంది కూడా. ఫలితాలు మాత్రం కొన్ని సరిగ్గా, కొన్ని వింతగా వస్తున్నాయి.

వచ్చిన ఫిర్యాదులు

మూడు ఫిర్యాదులు వచ్చాయి. ఒకదానితో ఒకదానికి సంబంధం ఉందని ఎవరూ అనుకోలేదు.

మొదటిది, సహజ ఫ్రీక్వెన్సీల జాబితాలో ఉండకూడనివి వస్తున్నాయి. అసలైనవి దాదాపు అన్నీ ఉన్నాయి, వాటి మధ్యలో దొంగవి దూరాయి. రెండోది, ఫలితాల ఫైలు హెడర్‌లో ఫ్రీక్వెన్సీ మెట్ల డైమెన్షన్ "అన్‌లిమిటెడ్, ప్రస్తుతం 0" అని కనిపిస్తోంది. కోడ్‌లో దాన్ని అన్‌లిమిటెడ్‌గా (పొడవు ముందే నిర్ణయించనిదిగా) ఎవరూ ప్రకటించలేదు. మూడోదాన్ని ఫిర్యాదు అనడానికి కూడా లేదు, ఎందుకంటే అది అప్పటికే "సరిచేసేశారు". డిటర్మినెంట్ కోసం పిలిచే డీజీఈటీఆర్‌ఎఫ్ (వరుసలు మార్చుకుంటూ మ్యాట్రిక్స్‌ను త్రిభుజాకార భాగాలుగా విడగొట్టే ల్యాపాక్ రొటీన్) అప్పుడప్పుడు ఎర్రర్ కోడ్ ఇచ్చేదట. పిలిచే ముందు ఇన్ఫో = 0 అని ఒక లైను చేర్చగానే పోయిందట. ఆ లైను పక్కన "ఇది తీసేయొద్దు, తీస్తే ఆగిపోతుంది" అని కామెంట్ కూడా ఉంది.

బలం వేసి కదలిక చూసే మొదటి భాగం మాత్రం పాత మెషీన్ అంకెలతో సరిపోతోంది. దాంతో అందరి అనుమానమూ ఫ్రీక్వెన్సీ వెతికే అల్గారిథమ్ మీదికి వెళ్లింది. అదే లైబ్రరీ మరోచోట సరిగ్గా పనిచేస్తుంటే లైబ్రరీని ఎవరు అనుమానిస్తారు?

అంతకుముందు వాళ్లు చేసినవి

కొత్త మెషీన్‌లో మొదట వచ్చిన ఎర్రర్, మాడ్యూల్ ఫైలు తెరవలేకపోతున్నానని. స్క్రిప్ట్ ఫైళ్లను అక్షరక్రమంలో కంపైల్ చేస్తుంది. ఫోర్ట్రాన్‌లో ఒక ఫైలు ఏదైనా మాడ్యూల్‌ను యూజ్ చేస్తే, ఆ మాడ్యూల్ ఉన్న ఫైలు ముందే కంపైలై, దాని .మాడ్ ఫైలు తయారై ఉండాలి. పాత మెషీన్‌లో ఈ క్రమం తప్పినా ఎవరికీ తెలియలేదు, ఎప్పుడో తయారైన .మాడ్ ఫైళ్లు ఫోల్డర్‌లో పడి ఉండేవి కాబట్టి. అంటే అక్కడ కొన్ని ఫైళ్లు పాతబడిన మాడ్యూల్ వివరాలతో కంపైల్ అవుతూ వచ్చాయన్నమాట. శుభ్రమైన ఫోల్డర్‌లో అది బయటపడింది.

పాత .మాడ్ ఫైళ్లను కొత్త మెషీన్‌కు కాపీ చేసి చూశారు. అవి జీఫోర్ట్రాన్ మరో వెర్షన్‌లో తయారైనవని కంపైలర్ నిరాకరించింది. .మాడ్ ఫైళ్లకు అన్ని కంపైలర్లకూ ఉమ్మడి రూపం లేదు, ఒకే కంపైలర్‌లోనూ వెర్షన్‌ను బట్టి మారొచ్చు. సోర్సు చేతిలో ఉన్నప్పుడు వాటిని మోసుకెళ్లడంలో అర్థం లేదు. చివరికి క్రమం సరిచేశారు.

తర్వాత "అన్‌డిఫైన్డ్ రెఫరెన్స్" ఎర్రర్లు పేజీలకు పేజీలు. కమాండ్‌లో -ఎల్‌బ్లాస్ -ఎల్‌ల్యాపాక్ ముందు రాసి, సొంత ఆబ్జెక్ట్ ఫైళ్లు వెనక పెట్టారు. స్టాటిక్ లైబ్రరీలను లింకర్ ఎడమ నుంచి కుడికి ఒక్కసారే చూస్తుంది. ఆ క్షణానికి ఇంకా దొరకని పేర్లు ఏవైతే ఉన్నాయో వాటికి సరిపడే భాగాలనే బయటికి తీసి ముందుకు వెళ్లిపోతుంది. లైబ్రరీ మొదటే వస్తే అప్పటికి ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టి ఏమీ తీసుకోదు. అందుకే అడిగేవాడు ముందు, ఇచ్చేవాడు వెనక: సొంత ఫైళ్లు, తర్వాత ల్యాపాక్, తర్వాత బ్లాస్. నెట్‌సీడీఎఫ్‌లోనూ అంతే, ఫోర్ట్రాన్ పొర ముందు, దాని కిందున్న సీ లైబ్రరీ తర్వాత. వాళ్లు క్రమం ఆలోచించకుండా లైబ్రరీలన్నిటినీ ముందూ వెనకా రెండు చోట్లా రాసేశారు. అందంగా లేదు కానీ హాని లేదు.

హాని చేసింది వేరే. పెద్ద మోడళ్లలో ఒక లెక్క 2,14,74,83,647 దాటింది. సాధారణ 4 బైట్ల ఇంటీజర్‌లో పట్టే అతి పెద్ద అంకె అదే. ఫలితాల మొత్తం సంఖ్య, అంటే బిందువులు ఇంటూ ఫ్రీక్వెన్సీ మెట్లు ఇంటూ బలాల రకాలు, అక్కడ తిరగబడి నెగటివ్ అయింది. దానికి తేలిక మందు దొరికింది: -ఎఫ్‌డిఫాల్ట్-ఇంటీజర్-8 అనే ఫ్లాగ్. కైండ్ (ఎన్ని బైట్లదో చెప్పే గుర్తు) చెప్పకుండా రాసిన ప్రతి ఇంటీజర్‌నూ అది 8 బైట్లది చేస్తుంది. ఒక్క పదం చేర్చితే కోడ్ ముట్టుకోకుండా సమస్య పోయింది.

ఒక ఫైలు మాత్రం మొరాయించింది, నెట్‌సీడీఎఫ్‌ను పిలిచేది. 4 బైట్లు ఉండాల్సిన చోట 8 బైట్ల ఇంటీజర్ ఇస్తున్నావని కంపైలర్ ఎర్రర్ ఇచ్చింది. సరే, ఆ ఒక్క ఫైలును ఫ్లాగ్ లేకుండా కంపైల్ చేశారు. లింకర్ మారు మాట్లాడకుండా అన్నిటినీ కలిపింది.

తప్పుడు ఫ్రీక్వెన్సీలు కనబడ్డాక చేసిన ప్రయత్నాలూ చెప్పాలి. ఆప్టిమైజేషన్ మొత్తం తీసేశారు, మారలేదు. అర్రే హద్దులు తనిఖీ చేసే ఫ్లాగ్ పెట్టారు, ఏమీ దొరకలేదు. దొరకదు కూడా, ఆ తనిఖీ మనం కంపైల్ చేసిన కోడ్‌లోనే జరుగుతుంది, ముందే తయారైన లైబ్రరీ లోపలికి వెళ్లదు. మామూలు ల్యాపాక్ తీసేసి ఓపెన్‌బ్లాస్ పెట్టారు. అదీ 4 బైట్ల ఇంటీజర్లతో కట్టినదే, కాబట్టి అవే దొంగ ఫ్రీక్వెన్సీలు వచ్చాయి. రెండు వేర్వేరు లైబ్రరీలు ఒకే తప్పు ఇచ్చాయంటే తప్పు మన అల్గారిథమ్‌దేనని వాళ్ల నమ్మకం ఇంకా గట్టిపడింది.

దారి దొరికిన చోటు

నన్ను ఆపింది "తీసేయొద్దు" అన్న కామెంట్. ఇన్ఫో అనేది డీజీఈటీఆర్‌ఎఫ్ రాసి ఇచ్చే ఆర్గ్యుమెంట్, మన దగ్గర నుంచి తీసుకునేది కాదు. పిలిచే ముందు అందులో ఏముందన్నది ఫలితాన్ని మార్చకూడదు. మారుస్తోందంటే లైబ్రరీ ఆ చోటంతా రాయడం లేదని అర్థం.

ఆ లైను తీసేసి విలువ ప్రింట్ చేస్తే 140733193388032 వచ్చింది. ల్యాపాక్ నియమం ప్రకారం ఇన్ఫో 0 అయితే అంతా బాగుంది. నెగటివ్ అయితే ఆ నంబరు ఆర్గ్యుమెంట్ తప్పు. పాజిటివ్ అయితే ఆ వరుసలోని పివట్ (భాగించడానికి ఎంచుకున్న వికర్ణ విలువ) సున్నా. మ్యాట్రిక్స్ సైజు కొన్ని వందలు, కాబట్టి ఇంత అంకెకు ఏ అర్థమూ లేదు. అదే అంకెను 16 ఆధారంగా రాస్తే 7ఎఫ్ఎఫ్ఎఫ్ తర్వాత ఎనిమిది సున్నాలు. కింది 4 బైట్లు నిఖార్సైన సున్నా, అంటే లైబ్రరీ "అంతా బాగుంది" అనే చెప్పింది. పై 4 బైట్లలో ఉన్నది స్టాక్‌లో, అంటే ప్రోగ్రామ్ తాత్కాలిక మెమరీలో, అంతకుముందు మిగిలిన చెత్త. 64 బిట్ల లినక్స్‌లో స్టాక్ చిరునామాలు మామూలుగా 7ఎఫ్ఎఫ్ తోనే మొదలవుతాయి, ఈ అంకెను ఒకసారి చూసినవాళ్లు మళ్లీ మర్చిపోరు. లైబ్రరీ 4 బైట్లు రాస్తోంది, మనం 8 బైట్లు చదువుతున్నాం. ఇన్ఫో = 0 అన్న లైను పై సగాన్ని ముందే తుడిచి పెట్టి, రోగాన్ని ఉంచి లక్షణాన్ని మాయం చేసింది.

మరి మొదటి భాగం ఎలా సరిగ్గా వస్తోంది? ఫోర్ట్రాన్ ఆర్గ్యుమెంట్ల చిరునామాను పంపుతుంది. ఈ ప్రాసెసర్లు చిన్న బైట్లను ముందు పెడతాయి. మ్యాట్రిక్స్ సైజు 300 అనుకుంటే, 8 బైట్ల 300లో మొదటి 4 బైట్లు చదివినా 300 వస్తుంది. ఒంటరి ఇంటీజర్లన్నీ ఇలా అదృష్టం కొద్దీ గట్టెక్కాయి. పెద్ద బైట్లు ముందుండే మెషీన్ అయితే ప్రతి సైజూ సున్నాగా కనిపించి, మొదటి పిలుపులోనే బయటపడేది.

అర్రే విషయంలో ఆ అదృష్టం లేదు. ఐపివ్ అనే అర్రేలో డీజీఈటీఆర్‌ఎఫ్ ఏ వరుసను దేనితో మార్చిందో రాస్తుంది. లైబ్రరీ 4 బైట్ల చొప్పున పక్కపక్కనే రాసుకుంటూ పోతే, మన కోడ్ రెండేసి విలువలను కలిపి ఒక్కటిగా చదువుతుంది. తర్వాత ఆ ఐపివ్‌ను మళ్లీ అదే లైబ్రరీకి ఇచ్చి సమీకరణం సాధించమంటే అది మళ్లీ 4 బైట్ల చొప్పునే చదువుకుంటుంది, జవాబు సరిగ్గా వస్తుంది. మన కోడ్ స్వయంగా ఐపివ్‌లోకి తొంగి చూసేది ఒక్క చోటే, డిటర్మినెంట్ గుర్తు దగ్గర. విడగొట్టాక వచ్చిన వికర్ణ విలువల లబ్ధమే డిటర్మినెంట్, కానీ వరుస మారిన ప్రతిసారీ, అంటే ఐపివ్(ఐ) ఐకి సమానం కాకపోతే, గుర్తు తిప్పాలి.

ఊహను నిరూపించడానికి పెద్ద మోడల్ అక్కర్లేదు. 3×3 ఐడెంటిటీ మ్యాట్రిక్స్ ఇచ్చాను. దాని డిటర్మినెంట్ 1 అని ఎవరైనా చెబుతారు. ప్రోగ్రామ్ -1 అంది. వరుసలేవీ మారలేదు, కానీ తప్పుగా చదివిన ఐపివ్‌లో ఏ విలువా తన స్థానంతో సరిపోలేదు కాబట్టి గుర్తు మూడుసార్లు తిరిగింది. తర్వాత ఐడెంటిటీలో రెండు వరుసలు తారుమారు చేసిన 2×2 మ్యాట్రిక్స్. రావాల్సింది -1, వచ్చింది 1. ఐపివ్ మొదటి విలువ 8589934594 అని ప్రింటయింది. అది 2 ఇంటూ 4294967296 ప్లస్ 2: లైబ్రరీ రాసిన "2, 2" రెండూ ఒకే గదిలో కూర్చున్నాయి.

ఇక దొంగ ఫ్రీక్వెన్సీలు వాటంతట అవే విడిపోయాయి. గుర్తు ఎప్పుడూ మ్యాట్రిక్స్ సైజు సరిసంఖ్యా బేసిసంఖ్యా అన్నదాన్ని బట్టే తిరుగుతోంది, వరుసలు నిజంగా ఎన్నిసార్లు మారాయన్నది లెక్కలోకే రావడం లేదు. ఫ్రీక్వెన్సీ పెరుగుతుండగా పివట్ల ఎంపిక మారిన చోటల్లా వికర్ణ విలువల లబ్ధం గుర్తు మార్చుకోవచ్చు, దాన్ని సరిచేయాల్సిన ఐపివ్ లెక్క మూగబోయింది. దొంగదాన్ని ఒకదాన్ని తీసుకుని సగాలు చేసుకుంటూ లోపలికి వెళ్లి చూశాను. గుర్తు మారుతోంది కానీ డిటర్మినెంట్ పరిమాణం సున్నా వైపు తగ్గడం లేదు. నిజమైన వేరు దగ్గర తగ్గి తీరాలి. వెతికే రొటీన్‌లో ఈ చిన్న పరీక్ష మొదటినుంచీ ఉంటే అల్గారిథమ్ మీద అంత అనుమానం వచ్చేది కాదు.

నెట్‌సీడీఎఫ్ ఫిర్యాదు దీనికి తోబుట్టువు. ఫైలు రాసే రొటీన్ సైజులను ఒక కామన్ బ్లాక్ నుంచి తీసుకుంటుంది, అందులో నాలుగు ఇంటీజర్లున్నాయి. ఎన్ఎం అనే టూల్‌తో రెండు ఆబ్జెక్ట్ ఫైళ్లు చూశాను. ఒకదానిలో ఆ బ్లాక్ సైజు 16 ఆధారంలో 20, అంటే 32 బైట్లు. ఫ్లాగ్ లేకుండా కంపైలైన ఫైలులో 10, అంటే 16 బైట్లు. పేరు ఒకటే కాబట్టి లింకర్ పెద్ద సైజును తీసుకుని రెండిటినీ ఒకే చోట అతికించింది. ఆ ఫైలు బిందువుల సంఖ్యను సరిగ్గా చదివింది. రెండో ఇంటీజర్ అనుకుని చదివింది మొదటిదాని పై సగాన్ని, అక్కడ ఉన్నది సున్నా. నెట్‌సీడీఎఫ్‌లో డైమెన్షన్ పొడవు సున్నా ఇస్తే దానర్థం అన్‌లిమిటెడ్. ఎవరూ ప్రకటించని అన్‌లిమిటెడ్ అలా వచ్చింది.

ఒక లైబ్రరీ అరిచింది, ఇంకోటి ఎందుకు అరవలేదు

నాకు ఈ కేసులో ఆసక్తికరంగా అనిపించింది ఇదే. తప్పు ఒకటే, 8 బైట్ల ఇంటీజర్ ఇవ్వడం. నెట్‌సీడీఎఫ్ విషయంలో కంపైలర్ వెంటనే పట్టుకుంది, ఎందుకంటే అక్కడ యూజ్ చేసే మాడ్యూల్ ఉంది, .మాడ్ ఫైలులో ప్రతి ఆర్గ్యుమెంట్ రకమూ రాసి ఉంటుంది. ల్యాపాక్‌ను పాత పద్ధతిలో ఉత్త కాల్‌తో పిలుస్తున్నారు. అక్కడ కంపైలర్‌కు తెలిసింది పేరొక్కటే. జీఫోర్ట్రాన్ ఆ పేరును చిన్న అక్షరాల్లోకి మార్చి చివర ఒక అండర్‌స్కోర్ తగిలించి లింకర్‌కు ఇస్తుంది. లింకర్ ఆ పేరున్న సింబల్‌ను వెతుకుతుంది. ఆర్గ్యుమెంట్లు ఎన్ని, ఏ రకం అన్న సమాచారం ఆ పేరులో లేదు, లింకర్ అడగదు. మాడ్యూల్‌లోని రొటీన్‌కు మాడ్యూల్ పేరు కూడా కలిపి సింబల్ కడతారు, అయినా అందులోనూ ఆర్గ్యుమెంట్ల సంగతి ఉండదు. తనిఖీ జరిగితే కంపైల్ సమయంలోనే జరగాలి. ఎర్రర్ ఇచ్చిన ఫైలును ఫ్లాగ్ నుంచి మినహాయించడం వల్ల, సరిగ్గా అరిచిన ఒక్క గొంతునూ నొక్కినట్టయింది.

ఏం చేశాం, ఎందుకు

రెండు దారులున్నాయి. ఫ్లాగ్ ఉంచి, 8 బైట్ల ఇంటీజర్లతో కట్టిన ల్యాపాక్‌ను లింక్ చేయడం ఒకటి. ఓపెన్‌బ్లాస్‌ను అలా కట్టుకోవచ్చు. కానీ నెట్‌సీడీఎఫ్ ఇంటర్‌ఫేస్ 4 బైట్లలోనే ఉంటుంది, మిశ్రమం మిగిలే ఉంటుంది. పైగా రేపు ఎవరైనా పొరపాటున మామూలు లైబ్రరీని లింక్ చేస్తే మళ్లీ ఇదే నిశ్శబ్దం. ఆ పొరపాటు తిరగేసి జరిగితే, అంటే 8 బైట్ల లైబ్రరీకి 4 బైట్ల ఇంటీజర్లు వెళ్తే, పక్కనున్న 4 బైట్లు కూడా కలిపి చదివి ఏదో కోట్ల సైజు అనుకుని చాలావరకు క్రాష్ అవుతుంది. నిజానికి అదే మేలు.

రెండో దారి, ఫ్లాగ్ తీసేసి, నిజంగా పెద్ద అంకెలు అవసరమైన చోట మాత్రమే ఇంట్64 (8 బైట్ల ఇంటీజర్) అని రాయడం. దీన్నే ఎంచుకున్నాం. వెతికితే అవసరమైన చలరాశులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఇక్కడొక మెలిక ఉంది: ఎడమ పక్క చలరాశిని ఇంట్64 చేస్తే సరిపోదు. కుడి పక్క మూడూ 4 బైట్లవైతే గుణకారం 4 బైట్లలోనే జరిగి, తిరగబడ్డాక ఎడమ పక్కకు వస్తుంది. మొదటిదాన్ని ఇంట్64కు మార్చి ఆ తర్వాత గుణించాలి. అర్రే పొడవు చెప్పే సైజ్ ఫంక్షన్‌కూ కైండ్ చెప్పి అడగాలి.

తర్వాత కామన్ బ్లాకును మాడ్యూల్‌గా మార్చాం. మాడ్యూల్ చలరాశి కైండ్ .మాడ్ ఫైలులో రాసి ఉంటుంది కాబట్టి, రెండు ఫైళ్లు రెండు సైజులుగా చూసే అవకాశమే లేదు. వాడే ల్యాపాక్ రొటీన్లకు స్పష్టమైన ఇంటర్‌ఫేస్‌లు రాసి ఒక మాడ్యూల్‌లో పెట్టాం. వాటిలో ఉత్త ఇంటీజర్ అని రాయకూడదు. అలా రాస్తే ఆ ఫ్లాగ్ ఇంటర్‌ఫేస్‌నూ 8 బైట్లు చేసేస్తుంది, రెండు వైపులా ఒకే అబద్ధం ఆడతాయి కాబట్టి కంపైలర్‌కు తేడా తెలియదు. ఇంట్32 (4 బైట్ల ఇంటీజర్) అని కచ్చితంగా రాశాం. పరీక్ష కోసం పాత ఫ్లాగ్‌ను కావాలనే మళ్లీ పెట్టి చూశాం. ఈసారి డీజీఈటీఆర్‌ఎఫ్ పిలిచిన ప్రతి లైనులో కంపైలర్ ఆగింది. ఇంటర్‌ఫేస్ లేకుండా మిగిలిన పిలుపుల కోసం ఇంప్లిసిట్ ఇంటర్‌ఫేస్ వార్నింగ్ ఫ్లాగ్ పెట్టి, ఆ జాబితాను మెల్లగా తగ్గిస్తున్నారు.

షెల్ స్క్రిప్ట్ పోయి సీమేక్ అనే బిల్డ్ టూల్ వచ్చింది. ఫోర్ట్రాన్ మాడ్యూళ్ల మీద ఏ ఫైలు ఆధారపడిందో అది సోర్సు చదివి తెలుసుకుంటుంది, కాబట్టి ఫైళ్ల క్రమం, సమాంతర కంపైల్ గురించి టెన్షన్ లేదు. మేక్‌ఫైలే కావాలనుకుంటే ఆ ఆధారాలు చేత్తో రాయొచ్చు, కానీ ఒక్కటి మర్చిపోతే బిల్డ్ ఒకసారి అయ్యి ఇంకోసారి కాకుండా ఏడిపిస్తుంది. ఫ్లాగులన్నీ ఒకే చోట ఉన్నాయి, ఏ ఫైలుకూ మినహాయింపు లేదు. .మాడ్ ఫైళ్లు బిల్డ్ ఫోల్డర్‌లోనే పుడతాయి, సోర్సు పక్కన చేరవు. 3×3 ఐడెంటిటీ, 2×2 తారుమారు పరీక్షలు బిల్డ్ చివర ప్రతిసారీ నడుస్తాయి. ఇన్ఫో = 0 లైను, దాని కామెంటు రెండూ తీసేశాం.

మిగిలింది పాత ఫలితాల సంగతి. ఫ్లాగ్ చేరిన తర్వాత వచ్చినవన్నీ పారేయాలా అని బృందం అడిగింది. ఏ ఇంటీజర్ అర్రేను మన కోడ్ స్వయంగా చదివిందో దాన్ని బట్టి విడదీశాం. బలం వేసి కదలిక చూసిన ఫలితాల్లో ఐపివ్‌ను లైబ్రరీ తప్ప ఎవరూ ముట్టుకోలేదు. వాటిలో కొన్నిటిని కొత్త బిల్డ్‌తో పోల్చి చూసి ఉంచుకున్నారు. సహజ ఫ్రీక్వెన్సీల జాబితాలు మొత్తం మళ్లీ నడపాల్సి వచ్చింది. దొంగవాటిని ఏరేస్తే సరిపోదు. ఒకే మెట్టులో నిజంగానే గుర్తు మారి, అక్కడే పివట్ మార్పు కూడా పడితే రెండూ కొట్టేసుకుని అసలు ఫ్రీక్వెన్సీయే జాబితాలోంచి జారిపోయి ఉండొచ్చు. మళ్లీ నడిపినప్పుడు అలాంటిది ఒకటి నిజంగానే బయటపడింది.